కేస్లాపూర్‌లో మూడు రోజులు: నాగోబా జాతర

పుష్య అమావాస్య రాత్రి కేస్లాపూర్‌లో చలి ఎముకలు కొరికేస్తుంది. దుప్పట్లు లేకుండా వెళ్లకండి, ముందే చెప్తున్నా.

ఆదిలాబాద్ నుంచి గుడిహత్నూర్ మీదుగా ముత్నూరు దాకా వెళ్లి, అక్కడ పక్కకు తిరగాలి. జాతరకు ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేస్తుంది, కారు కన్నా అదే నయం. ఉట్నూరులో ఒక లాడ్జి వాళ్లు ఫోన్లో సరే అని, తీరా వెళ్తే రూము లేదన్నారు. అమ్మతో అర్ధరాత్రి రోడ్డు మీద, ఒకటే టెన్షన్. మీరు వారం ముందే ఆదిలాబాద్‌లో రూము తీసుకోండి.

నాగోబా అంటే పాముదేవుడు. ఇది మెస్రం వంశపు గోండులు ఆయనకు చేసే జాతర. హస్తినమడుగు దగ్గర గోదావరి నీళ్లు తీసుకుని, కాలినడకన వచ్చి మర్రిచెట్ల కింద దిగుతారు. కుండలు సిరికొండ కుమ్మరులవి. మేం వెళ్లేసరికి ఆడపడుచులు ఆ కొత్త కుండలతో కోనేటి నీళ్లు వరుసగా మోసుకొస్తున్నారు. ఆ నీళ్లతో మట్టి కలిపి పుట్ట చేస్తారు. అందులో అల్లుళ్లకూ పని ఉంది. వంటకు 22 పొయ్యిలే. ఎంతమంది వచ్చినా ఇంకో పొయ్యి పెట్టరు.

మహాపూజ అయ్యాక బేటింగ్, అంటే వంశంలోకి వచ్చిన కోడళ్లను దేవుడికి పరిచయం చేయడం. కొత్త కోడళ్లు తెల్లబట్టల్లో, ముఖం మీదికి ముసుగు లాక్కుని, పెద్దావిడల వెనక నడిచారు. ఒక పిల్ల చేతులు వణుకుతున్నాయి, చలికో భయానికో. పక్కనున్న ముసలావిడ ఆ చేయి పట్టుకుని వదల్లేదు. ఆ రాత్రితో ఆ పిల్ల వంశంలో మనిషైంది. అక్కడ ఫోన్ బయటికి తీయకండి, పెద్దల్ని అడక్కుండా అసలే వద్దు.

దుకాణాలు, రంగులరాట్నాలు అన్ని జాతర్లలో ఉన్నట్టే ఉన్నాయి. వాటి కోసం ఇంత దూరం రానక్కర్లేదు. దర్బార్ కోసం మాత్రం ఆగండి, అది జనం తమ కష్టాలు అధికారులకు నేరుగా చెప్పుకునే సభ. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను చంపాక, గోండుల బాధలు తెలుసుకోమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. కొండల్లోని జనమంతా ఒక్కచోట చేరేది ఈ జాతరకే కాబట్టి, అధికారుల్నే ఇక్కడికి రప్పించి కూర్చోబెట్టాలన్నది ఆయన ఆలోచన. ఇప్పటికీ పోడు పట్టాలు, రోడ్లు, నీళ్ల గురించి జనం మైకు పట్టుకుని అడుగుతున్నారు. వంతు కోసం అర్జీ మడతపెట్టుకుని నిలబడ్డ ఒక పెద్దాయన పక్కన గంటసేపు కూర్చున్నా. ఆయన్ను పిలిచేదాకా లేవబుద్ధి కాలేదు.

గుడి రాతితో కొత్తగా కట్టింది, మెస్రం వాళ్లు తమ చందాలతోనే కట్టుకున్నారు. 2022లో ప్రారంభమైంది.

తిరుగు దారిలో ఇంద్రవెల్లి స్తూపం దగ్గర ఆగాం. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో పోయిన గోండుల గుర్తు అది. తర్వాత మార్లవాయి వెళ్లండి. హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ సమాధులు ఆ ఊళ్లోనే పక్కపక్కన ఉన్నాయి. మేం వెళ్లినప్పుడు వాటి మీద బంతిపూలు ఇంకా వాడలేదు.