అల్లాయ్ చక్రాలకు ఐరన్ రిమూవర్: ఆ రంగు నాకు చూపించిన పగులు

అల్లాయ్ వీల్స్ కడగడానికి దొరికే సామానులో, అయిపోయిన ప్రతిసారీ నేను మళ్లీ కొంటున్నది ఐరన్ రిమూవర్ ఒక్కటే. షాంపూలు మార్చాను, బ్రష్షులు మార్చాను, టైరు పాలిష్ పూర్తిగా మానేశాను. ఇది మాత్రం ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. కారణం ఒకటే, అది రంగు మారుతుంది. స్ప్రే చేసినప్పుడు రంగు లేని మందు, చక్రం మీద ఇనుప పొడి పట్టుకున్న చోట నేరేడుపండు రంగుకు తిరిగి కిందికి కారుతుంది. ఆ రంగు చూడ్డానికి బాగుంటుందని కాదు నాకు ఇష్టం. దానివల్ల ఒక ప్రమాదం తప్పిందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఏ కంపెనీది వాడుతున్నానో రాయడం లేదు. మార్చి మార్చి వాడాను, పెద్ద తేడా కనిపించలేదు. ఇలా రంగు తిరిగే మందుల్లో చాలావాటిలో పనిచేసేది థయోగ్లైకొలేట్ అనే రసాయనమే. బ్యూటీ పార్లర్లలో జుట్టు రీబాండింగ్‌కి, వెంట్రుకలు తీసే క్రీముల్లో వాడేది కూడా ఈ జాతిదే. అందుకే ఆ వాసన కొందరికి వెంటనే తెలిసిపోతుంది. బ్రేక్ వేసినప్పుడల్లా ప్యాడ్ల నుంచి, పోత ఇనుముతో చేసిన డిస్క్ నుంచి సన్నటి పొడి రాలుతుంది. అది వేడిగా ఉండగానే వెళ్లి అల్లాయ్ మీద ఉండే లక్కర్ అనే పారదర్శకమైన పూతకు అంటుకుంటుంది. తర్వాత తేమ తగిలి తుప్పు పడుతుంది. లేత రంగు చక్రాల మీద నారింజ రంగులో కనిపించే సన్నటి చుక్కలు ఇవే. షాంపూతో ఎంత రుద్దినా ఇవి పోవు. ఈ మందు ఆ ఇనుమును కరిగించి, నీళ్లతో పోయేలా చేస్తుంది. ఆ పని జరుగుతోందనడానికి గుర్తే ఆ రంగు.

కడిగే పద్ధతి అందరికీ తెలిసిందే కాబట్టి రెండు మూడు మాటలే చెప్తాను. చక్రం చల్లగా ఉండాలి, నీడలో ఉండాలి. ముందు మామూలుగా షాంపూతో కడిగి, నీళ్లు కారిపోయాక స్ప్రే చేయాలి, లేదంటే మందు పలచబడిపోతుంది. మూడు నాలుగు నిమిషాలు ఆగి, మెత్తటి బ్రష్‌తో స్పోకుల సందుల్లో, నట్ల గుంతల్లో తిప్పి, ధారాళంగా నీళ్లు కొట్టాలి. మందును మాత్రం ఆరనివ్వకూడదు. మా అపార్ట్‌మెంట్‌లో సెల్లార్ పార్కింగ్ కావడంతో నాకు ఎండ టెన్షన్ లేదు. కానీ బోరు నీళ్లు. హైదరాబాద్‌లో బోరు నీళ్లతో కారు కడిగేవాళ్లకు చెప్పక్కర్లేదు, ఆరితే తెల్లటి మచ్చలు మిగులుతాయి. అందుకే చివర్లో మైక్రోఫైబర్ గుడ్డతో చక్రం మొత్తం తుడిచేస్తాను. అసలు విషయం ఆ తుడిచే దగ్గరే బయటపడింది.

నాది ముందు డిస్క్, వెనక డ్రమ్ బ్రేకులున్న హ్యాచ్‌బ్యాక్. ఉన్నట్టుండి ఎడమవైపు ముందు టైరులో గాలి తగ్గడం మొదలైంది. పంచర్ కాదు. వారం తిరిగేసరికి 33 psi ఉండాల్సింది 27కి, ఒక్కోసారి ఇంకా కిందికి దిగేది. బంకులో కొట్టించుకోవడం, మళ్లీ దిగడం. దగ్గర్లోని పంచర్ షాపు అతను నిజాయితీగానే చూశాడు. చక్రం విప్పి తొట్టిలో ముంచి, నెమ్మదిగా చుట్టూ తిప్పాడు. ఒక్క బుడగ రాలేదు. "టైరుల ఏం లేదన్నా, వాల్వ్ పాతగైంది, మారుస్త" అన్నాడు. మార్చాడు. నాలుగు రోజులు బాగానే ఉన్నట్టు అనిపించి, మళ్లీ అదే కథ. రెండోసారి టైరు విప్పి, రిమ్‌కి టైరు అంచు అతుక్కునే చోటంతా బ్రష్ కొట్టి, సీలర్ పూశాడు. అయినా ఆగలేదు.

ఆ సమయంలోనే టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చే వేళ వచ్చింది. ఆ పని నేను ఇంట్లోనే చేసుకుంటాను. ఎలాగూ చక్రాలు విప్పుతాం కాబట్టి లోపలి వైపు కూడా కడగొచ్చు. హ్యాండ్ బ్రేక్ వేసి, మిగతా చక్రాలకు ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టి, చక్రం నేల మీద ఉండగానే నట్లు పానాతో కాస్త వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎక్కిస్తాను. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద చెయ్యి కూడా పెట్టను.

గాలి దిగుతున్న ఆ చక్రాన్నే విప్పి బోర్లా పడుకోబెట్టాను. పైకి మెరుస్తున్న చక్రం లోపలి వైపు ఎలా ఉంటుందో చూడనివాళ్లు ఒకసారి చూడాలి. వెండి రంగు ఆనవాలు కూడా లేదు. మసి, తారు, గ్రీజు, బ్రేక్ పొడి కలిసి గోరు దిగేంత మందంగా పట్టేసి ఉన్నాయి. షాంపూతో పైపొర పోయాక ఐరన్ రిమూవర్ చుట్టూ స్ప్రే చేశాను. అర నిమిషంలో రంగు మొదలై, రెండో నిమిషానికి రిమ్ లోపలంతా నేరేడు రంగు గీతలతో నిండిపోయింది. బ్రష్ వేసి, కడిగి, ఇంకోసారి స్ప్రే చేశాను. రెండోసారి రంగు బాగా తగ్గింది. కడిగి, గుడ్డతో తుడిచాను. శుభ్రమైన వెండి రంగు బయటపడింది.

తుడిచిన రెండు నిమిషాలకు, లోపలి అంచు దగ్గర ఒకచోట సన్నటి ఊదా గీత కనిపించింది. దారం మందం కూడా ఉండదు. పొడవు వేలి కణుపంత. మందు మిగిలిందేమో అని మళ్లీ తుడిచాను. పోయింది. నట్లు సర్దుకుని తిరిగి చూసేసరికి అదే చోట, అదే గీత. నీళ్లు కొట్టి మళ్లీ తుడిచాను. మళ్లీ వచ్చింది. పైన ఉన్న మరకైతే తుడిస్తే పోవాలి, ఇది లోపలి నుంచి ఊరుతోంది. గోరు పెట్టి అడ్డంగా గీకితే చిన్నగా తట్టుకుంది. సెల్‌ఫోన్ టార్చ్ వేసి చూస్తే ఆ గీత పక్కన అంచు కొద్దిగా, చాలా కొద్దిగా, లోపలికి వంగి ఉంది. ఎప్పుడో ఏదో గుంతలో గట్టిగా దిగి ఉంటుంది. మన రోడ్ల మీద ఏ గుంత అని చెప్పగలం!

సబ్బు నురగ పూసి చూశాను. వెంటనే ఏమీ లేదు. వదిలేసి పక్క చక్రం కడుగుతూ మధ్యలో చూస్తే, గుండుసూది తలంత బుడగలు రెండు. తొట్టిలో ముంచినప్పుడు ఇవి పంచర్ షాపు అతని కంట పడకపోవడంలో ఆశ్చర్యం లేదు. అప్పుడు ఆ పగులు నిండా మసి గట్టిగా పట్టి ఉంది. పైగా తొట్టిలో చక్రం మీద బండి బరువు ఉండదు, ఆ బరువు పడినప్పుడు విచ్చుకునే పగులు ఉత్తప్పుడు మూసుకుని ఉండొచ్చు.

చక్రం తీసుకెళ్లి పంచర్ షాపు అతనికే చూపించాను. టార్చ్ వేసి చాలాసేపు చూసి, "పగులే అన్నా ఇది. మసిల కనపడలే" అన్నాడు. వెల్డింగ్ చేయించొచ్చా అని అడిగితే, "గాలైతే ఆగుతది. హైవే మీద పోతానంటే మాత్రం నేను గ్యారంటీ ఇయ్య" అన్నాడు. ఆ మాటకు అతని మీద గౌరవం పెరిగింది. అల్లాయ్ చక్రాలను సాధారణంగా అల్యూమినియం, సిలికాన్ మిశ్రమంతో పోతపోసి, తర్వాత బలం కోసం హీట్ ట్రీట్‌మెంట్ చేస్తారు. వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల బలం తగ్గుతుంది. నేను తరచుగా విజయవాడ హైవే మీద కుటుంబంతో వెళ్లేవాణ్ణి. ముందు చక్రం రిమ్ పగిలి ఉందని తెలిసి వంద స్పీడులో వెళ్లడం నావల్ల కాదు. కొత్త చక్రం కొన్నాను. అప్పటి నుంచి ఆ టైరులో గాలి మిగతా మూడింటితో సమానంగానే ఉంటోంది.

కాబట్టి ఈ మందంటే నాకు అభిమానం ఉంది. అయితే వాడుతున్నకొద్దీ కొన్ని సంగతులు అర్థమయ్యాయి.

ఒకటి, ఇది పగుళ్లు పట్టే మందు కాదు. ఫ్యాక్టరీల్లో లోహపు భాగాల పగుళ్లు వెతకడానికి డై పెనెట్రెంట్ అనే పరీక్ష ఉంది. ఎర్రటి రంగు ద్రవం పూసి, తుడిచి, పైన తెల్లటి పొడి స్ప్రే చేస్తే, పగులులో దిగిన రంగు తెల్లదాని మీద పైకి తేలుతుంది. నా చక్రం విషయంలో జరిగింది దాదాపు అదే అయినా, అది పగులులో బ్రేక్ పొడి దూరి ఉండటం వల్ల జరిగింది. పొడి లేని పగులైతే ఈ మందు ఏమీ చూపించదు. నిజానికి నాకు పనికొచ్చింది లోపలి వైపు పూర్తిగా శుభ్రమై, చేత్తో తడిమి చూడగలగడం. రంగు నా కన్నును అక్కడ ఆపింది.

రెండు, రంగు ఎంత వస్తే అంత మురికి పోయిందనుకోవడం సరికాదు. చక్రం విప్పకుండా స్ప్రే చేస్తే మందు స్పోకుల సందుల్లోంచి డిస్క్ మీద పడుతుంది. డిస్కే ఇనుము. అది ఎన్నిసార్లు స్ప్రే చేసినా ఊదా రంగు కారుస్తూనే ఉంటుంది. వీడియోల్లో నేలంతా రంగు మయం అయ్యేది చాలావరకు ఇందువల్లే అని నా అనుమానం. బ్యాలెన్సింగ్ కోసం రిమ్ లోపల అతికించే బరువులు కూడా ఇనుపవైతే అలాగే కారుతాయి. వాటి మీద బ్రష్ పెట్టి గట్టిగా రుద్దొద్దు. ఒక్కటి ఊడినా హైవే ఎక్కాక స్టీరింగ్ వణుకుతుంది. నా బండికి వెనక చక్రాల మీద రంగు రానే రాదు. డ్రమ్ బ్రేకు కదా, పొడి చాలావరకు లోపలే ఉండిపోతుంది. ఇప్పుడు వెనకవాటికి ఈ మందు వాడటమే మానేశాను.

తారు దీనికి లొంగదు. స్ప్రే చేసి ఆగినా నల్లగానే ఉన్న చుక్క తారే అనుకోవచ్చు. దానికి తారు రిమూవర్ వేరే కొనాలి. ఆ రకంగా కూడా రంగు ఉపయోగమే. ఏది ఇనుమో ఏది కాదో తేల్చేస్తుంది, అనవసరంగా రుద్ది పూత మీద గీతలు పెట్టుకోం.

కొత్తలో ప్రతి వాష్‌కీ వాడేవాణ్ణి. ఇప్పుడు నాలుగైదు నెలలకు ఒకసారి, అదీ ముందు చక్రాలకే. మధ్యలో షాంపూ, ఆరాక ఒక పూత వ్యాక్స్. వ్యాక్స్ ఉంటే పొడి అంత గట్టిగా పట్టుకోదు. షాంపూతో పోలిస్తే దీని ఖరీదు ఎక్కువ, చక్రం లోపలా బయటా వాడితే బాటిల్ ఇట్టే అయిపోతుంది. గ్లవ్స్ లేకుండా ముట్టుకోను. ఇక వాసన. గాలి ఆడని సెల్లార్‌లో అది గంటసేపు నిలిచిపోతుంది. పక్క పార్కింగ్ ఆంటీ ఒకసారి గ్యాస్ లీకైందేమో అని వాచ్‌మన్‌ని పిలిచారు. అప్పటి నుంచి చక్రాలు గేటు పక్కకు దొర్లించుకెళ్లి అక్కడ కడుగుతున్నాను.

డైమండ్ కట్ చక్రాలున్నవాళ్లు ఒకటి చూసుకోవాలి. వాటి ముఖం మీద పెయింట్ ఉండదు, కోసిన అల్యూమినియం మీద నేరుగా లక్కర్ ఉంటుంది. ఆ లక్కర్ ఎక్కడైనా లేచి, కింద తెల్లగా పురుగు పాకినట్టు మచ్చలు మొదలైతే, దాన్ని ఏ క్లీనరూ బాగుచేయదు. అలాంటి చోట నేను ఏ మందూ స్ప్రే చేయను. బాత్రూం యాసిడ్ సంగతైతే అసలు తలచుకోవద్దు. కొన్ని వాటర్ సర్వీసింగ్ షాపుల్లో పని త్వరగా అవుతుందని యాసిడ్ కలిపిన నీళ్లు వాడతారు. కారు అక్కడ ఇచ్చేటప్పుడు చక్రాలకు ఏం కొడుతున్నారో అడగడంలో తప్పులేదు.

మరి కొనాలా అంటే, నాకు నీడ ఉంది, చక్రాలు విప్పి పెట్టుకునే జాగా ఉంది, ఆదివారం పొద్దున్నే రెండు గంటలు దీనికి కేటాయించే ఓపిక ఉంది. వీధిలో ఎండలో కారు పెట్టుకునేవాళ్లకు, నెల జీతం మీద ఎవరో వచ్చి తుడిచే బళ్లకు ఇది అంత అక్కరకు రాకపోవచ్చు. స్టీలు చక్రాలు, వాటి మీద ప్లాస్టిక్ క్యాపులు ఉంటే అక్కర్లేదు. అల్లాయ్ చక్రాలుండి, ఏ కారణమూ లేకుండా ఒక టైరులోనే గాలి తగ్గుతుంటే మాత్రం, ఎవరి చేతనైనా ఆ చక్రం విప్పించి, లోపలి వైపు శుభ్రంగా కడిగించి, అంచు వెంట వేలు పెట్టి చూడండి. అందుకు ఐరన్ రిమూవర్ బాటిల్ లేకపోయినా ఫరవాలేదు.