తిరుపతి మిద్దె మీద తిరిగే డిష్: ఐదేళ్లు వాడాక నా అనుభవం

చిన్నప్పుడు మా ఇంట్లో టీవీ చూడాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు మిద్దె మీద, ఒకరు టీవీ ముందు. నాయన వెదురు గడకు కట్టిన యాంటెన్నాను కొద్దికొద్దిగా తిప్పుతూ "వచ్చినాదా?" అని పైనుంచి అరిచేవాడు. నేను కిందినుంచి "ఇంగ కొంచెం... ఇంగ కొంచెం... ఆ, చాలు నాయనా!" అనేవాణ్ని. ఆయన గడ మీదనుంచి చెయ్యి తీయగానే బొమ్మ మళ్లీ పోయేది. మా వైపు యాంటెన్నాలన్నీ అప్పట్లో మద్రాసుకే తిరిగి ఉండేవి. మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైంది. తిరుపతి నుంచి చూస్తే ఆ ఊరు ఆగ్నేయం వైపు వస్తుంది.

ఆ తిప్పే పని ఏదైనా మోటారు చేస్తే ఎంత బాగుండునో అని ఆ రోజుల్లోనే అనుకున్నాను. ఆ కోరిక తీర్చుకోవడానికి 2017 నుంచి మూడు రకాల చవక మోటారు యాంటెన్నాలు కొని చూశాను. వాటిలో ఒక్కటే ఇప్పటికీ మా మిద్దె మీద ఉంది. మిగతా రెండు ఎందుకు పనికిరాలేదో తెలిస్తే, మా ఊళ్లో ఇలాంటిది కొనాలనుకునేవాళ్లకు డబ్బులు మిగులుతాయి.

మొదటిది రిమోట్‌తో గుండ్రంగా తిరిగే చిన్న యాంటెన్నా. ఆన్‌లైన్‌లో 1,700 రూపాయలు. పెట్టె మీద 150 మైళ్ల దూరం నుంచి సిగ్నల్ పడుతుందని పెద్ద అక్షరాలతో వేశారు. దూరదర్శన్ 2016 ఫిబ్రవరిలో 16 నగరాల్లో డిజిటల్ ప్రసారం మొదలుపెట్టింది. అందులో చెన్నై ఉంది, తిరుపతి లేదు. చెన్నై మనకు గీత గీసినట్టు కొలిస్తే 110 కిలోమీటర్లు. నాయన రోజుల్లో పాత ప్రసారమే అందింది కదా, ఇది మాత్రం ఎందుకు అందదు అనుకున్నాను.

అందలేదు. ఆ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి. దారిలో నాగలాపురం కొండలు సరిగ్గా అడ్డం పడతాయి. పాత ప్రసారంలో సిగ్నల్ బలహీనమైతే బొమ్మ నిండా చుక్కలొచ్చేవి గానీ మనిషి ముఖం కనిపించేది, పాట వినిపించేది. డిజిటల్‌లో ఆ మధ్యస్థం లేదు. సిగ్నల్ సరిపడినంత ఉంటే అద్దంలా వస్తుంది, కాస్త తగ్గితే తెర నల్లగా ఉంటుంది. ఏప్రిల్‌లో రెండు రోజులు తెల్లవారుజామున లేచి చూస్తే బొమ్మ వచ్చింది. సముద్రం వైపు గాలిలో కింద చల్లగా, పైన వేడిగా పొరలు ఏర్పడినప్పుడు తరంగాలు వంగి దూరం పోతాయి. ఎండ ఎక్కగానే ముక్కలు ముక్కలై పోయింది. అదే యాంటెన్నాను చెన్నైలో మా పిన్నమ్మ ఇంటి కిటికీకి కడితే నిమిషంలో దూరదర్శన్ ఛానళ్లన్నీ పలికాయి. అంటే వస్తువు పాడుది కాదు. మోటారు కూడా నిక్షేపంగా తిరిగింది. జానెడు రేకులతో 110 కిలోమీటర్లు లాగలేం, అంతే. లోపల పెట్టిన యాంప్లిఫయర్ సిగ్నల్‌తో పాటు గోలను కూడా పెంచుతుంది. 2022 నాటికి దూరదర్శన్ పాత రిలే కేంద్రాలను కూడా దాదాపు అన్నిచోట్లా ఆపేసింది. కాబట్టి తిరుపతిలో ఇలాంటి యాంటెన్నా కొనకండి.

రెండోది 90 సెంటీమీటర్ల డిష్ కింద బిగించే గేర్ మోటారు. దీనికి వేరే వైరు అక్కర్లేదు, సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చే కేబుల్‌లోని కరెంటుతోనే తిరుగుతుంది. 2018లో తెచ్చాను, 8 నెలలు వాడాను. చిన్న డిష్‌తో మనకు ఉచితంగా అందేది ముఖ్యంగా డీడీ ఫ్రీ డిష్. దానికోసం డిష్ ఒక దిక్కుకే చూస్తే చాలు, తిప్పాల్సిన పనే లేదు. పక్కన ఉన్న ఉపగ్రహాల్లో చాలావరకు డబ్బు కట్టే డీటీహెచ్ ప్రసారాలే. పైగా ఆరు నెలలకే గేర్లలో ఆట వచ్చింది. గాలి వీస్తే డిష్ తల ఊపుతున్నట్టు కదిలేది. ఎందుకు అంత త్వరగా అరిగిందో మూడోది బిగించేటప్పుడు గానీ నాకు అర్థం కాలేదు.

ఆ మూడోదే ఇప్పుడు వాడుతున్నది. ఆరడుగుల జాలీ డిష్, దాన్ని పక్కనుంచి తోసే యాక్చుయేటర్, ఇంట్లో టీవీ పక్కన దాన్ని నడిపే పొజిషనర్ పెట్టె. డిష్‌ను ఒక కేబుల్ ఆపరేటర్ పాత సామాన్లలోంచి 2,500కు కొన్నాను. 24 అంగుళాల యాక్చుయేటర్ 3,800, పొజిషనర్ 1,900, డిష్ ముందు నిలబడి సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బీ కొత్తది 450. స్టాండు వెల్డింగుకు, వైర్లకు ఇంకో మూడు వేలు. మొత్తం కలిపి పన్నెండు వేల లోపు అయింది.

దీన్ని బిగించడానికి కావాల్సిన లెక్క తిరుపతికి చక్కగా కుదురుతుంది. మన ఊరు 79.4 డిగ్రీల రేఖాంశం మీద ఉంది. ఫ్రీ డిష్ ప్రసారమయ్యే జీశాట్-15 ఉండేది 93.5 డిగ్రీల దగ్గర. దక్షిణాది ఛానళ్లు ఎన్నో ఉన్న ఇంటెల్‌శాట్-17 ఉండేది 66 డిగ్రీల దగ్గర. మనం దాదాపు నడుమ ఉన్నాం. మిద్దె మీద దక్షిణానికి తిరిగి నిలబడితే ఒకటి ఎడమ చేతికి ఆగ్నేయంలో, ఇంకొకటి కుడి చేతికి నైరుతిలో. రెండూ 67, 68 డిగ్రీల ఎత్తున, అంటే నడినెత్తికి కాస్త కిందుగా ఉంటాయి. అందుకే ఉత్తరాన ఉన్న శేషాచలం కొండలు గానీ, పక్కింటి మూడో అంతస్తు గానీ అడ్డం రావు. కొండ పాదాన ఉన్నాం, మాకు సిగ్నల్ రాదేమో అని చాలామంది అడుగుతారు. తిరుపతిలో ఉపగ్రహానికి కొండ అడ్డే కాదు.

డిష్ తిరిగే ఇరుసు మాత్రం ఉత్తర దక్షిణాలకు సరిగ్గా ఉండాలి. ఉత్తరం వైపు కొస 13.6 డిగ్రీలు పైకి లేవాలి. అది మన ఊరి అక్షాంశం. ధ్రువనక్షత్రం కూడా మనకు అంతే ఎత్తున, కొండ వరుసకు కాస్త పైన కనిపిస్తుంది. ఆ పైన డిష్‌ను ఇరుసు నుంచి ఇంకో రెండున్నర డిగ్రీల దాకా దక్షిణానికి వంచాలి. నేను గీసిచ్చిన బొమ్మ చూసి వెల్డింగ్ చేసే అతను "ఏందన్నా, ఇది పండబెట్టినట్టుండాదే? నిలబెట్టాల కదా?" అన్నాడు. అతను ఫోన్లో చూసిన ఫొటోల్లో ఇరుసు ఏటవాలుగా నిలబడి ఉంది. అవి యూరప్ ఇళ్ల ఫొటోలు. ఉత్తరానికి పోయేకొద్దీ ఇరుసు నిలబడుతుంది, భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ పడుకుంటుంది. మన దగ్గర డిష్ తల తిప్పదు, తొట్టిలో బిడ్డలాగా ఇటు నుంచి అటు ఒరుగుతుంది. పక్కకు ఒరిగినప్పుడు బరువంతా మోటారు మీదే పడుతుంది. చిన్న గేర్ మోటారు ఆరు నెలలకే అరగడానికి కారణం ఇదే. యాక్చుయేటర్ లోపల ఉండేది మర, అంటే స్క్రూ. ఎంత బరువు తోసినా ఆ మర వెనక్కి తిరగదు. మన అక్షాంశంలో ఏది కొనాలో తేల్చేది ఈ ఒక్క విషయమే.

ఉత్తరం పట్టడానికి దిక్సూచిని నమ్మలేదు. చుట్టూ ఇనుప కమ్మీలు, నీళ్ల ట్యాంకు స్టాండు ఉన్న మిద్దె మీద అది ఒక్కో మూల ఒక్కో దిక్కు చూపిస్తుంది. 2019 డిసెంబరు 25న ఎండలో తూకం గుండు వేలాడదీసి నీడ గుర్తు పెట్టాను. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది కాబట్టి, ఆ రోజు తిరుపతిలో సూర్యుడు నడిమికి వచ్చేది 12 గంటలకు కాదు, 12 గంటల 12 నిమిషాలకు. ఆ నిమిషానికి నేల మీద పడిన నీడ మీదే సుద్దతో గీత గీశాను. మరుసటి రోజు సూర్యగ్రహణం, గుళ్లన్నీ మూసేశారు, వీధంతా ఖాళీ. గ్రహణం విడిచి స్నానాలయ్యాక మధ్యాహ్నం నేనూ, వెల్డింగ్ అతనూ కలిసి ఆ గీత మీద స్టాండు బిగించాం. సాయంత్రానికి 93.5, 83, 66 డిగ్రీల దగ్గరి ఉపగ్రహాలు మూడూ పలికాయి.  తర్వాత కొన్ని నెలలకు 83 దగ్గరికి జీశాట్-30 వచ్చింది.

ఒక మూల నుంచి ఇంకో మూలకు పోవడానికి నిమిషం దాకా పడుతుంది. మోటారు మూలుగు మిద్దె మీదనుంచి హాల్లోకి సన్నగా వినిపిస్తుంది. అమ్మ సప్తగిరి చూస్తున్నప్పుడు నేను డిష్ కదిపితే ఆమె కార్యక్రమం పోతుంది కాబట్టి, ఫ్రీ డిష్‌కు అరవై సెంటీమీటర్ల చిన్న డిష్ విడిగా పెట్టాను. ఇంట్లో ఒకరికి మించి టీవీ చూసేవాళ్లుంటే తిరిగే డిష్ ఒక్కదాంతో సరిపోదు, ఇది ముందే తెలుసుకోవాలి. ఇందులో వచ్చేవి ఉచితంగా వదిలిన ఛానళ్లే. డబ్బు కట్టే ఛానళ్లు రావు. ఏ ఛానల్ ఎప్పుడు ఏ ఉపగ్రహానికి మారుతుందో కూడా మన చేతుల్లో లేదు. నెలకోసారి మళ్లీ వెతికించుకోవాలి.

వానల్లో తేడా చాలా స్పష్టంగా కనబడింది. చిన్న డిష్‌కు వచ్చే తరంగాలను గట్టి వాన మింగేస్తుంది. పెద్ద డిష్ పట్టే సీ బ్యాండ్ తరంగాలను వాన అంతగా తాకదు. 2021 నవంబరు 18న తిరుపతి వీధులు ఏరులైన రాత్రి ఫ్రీ డిష్ పూర్తిగా పోయింది. ఆరడుగుల డిష్‌లో మాత్రం వార్తలు ఆగకుండా వచ్చాయి. కపిలతీర్థం ఎట్లా దూకుతోందో, ఏ రోడ్లు మునిగాయో కరెంటు ఉన్నంతసేపూ అందులోనే చూశాం.

అదే వాన యాక్చుయేటర్‌ను చెడగొట్టింది. నీళ్లు దూరవని అమ్మినవాళ్లు చెప్పారు గానీ గొట్టం లోపలికి గొట్టం జారే సందులోంచి దూరాయి. వారం తర్వాత నొక్కితే మోటారు మూలిగింది, డిష్ కదల్లేదు. విప్పితే గ్రీజు తెల్లగా మజ్జిగలా అయిపోయి ఉంది. డిష్ ఎంత కదిలిందో లెక్కపెట్టే రీడ్ స్విచ్ కాళ్లు తుప్పు పట్టి చేతిలోనే విరిగాయి. స్విచ్ 40 రూపాయలే, కానీ దాన్ని మార్చడానికి ఒక ఆదివారం పట్టింది. అప్పట్నుంచి ఆ సందుకు రబ్బరు తొడుగు వేశాను, మోటారు పెట్టెకున్న నీళ్ల రంధ్రాన్ని కిందికి తిప్పి బిగించాను, ఏటా ఐప్పసి (అక్టోబరు, నవంబరు) వానలకు ముందు గ్రీజు మారుస్తున్నాను. మళ్లీ ఆ బాధ రాలేదు.

జాలీ డిష్ ఎంచుకోవడానికి కూడా కారణముంది. మన దగ్గర డిష్ ఆకాశానికి నోరు తెరిచినట్టు ఉంటుంది. రేకు డిష్ అయితే వాననీళ్లు, వేపాకులు, పావురాల రెట్ట అందులోనే నిలుస్తాయి. జాలీకి ఆ బెడద లేదు, గాలి కూడా కొంత దూరిపోతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను రోజు డిష్‌ను నడిమికి తెచ్చి తాడుతో కట్టాను, చెక్కుచెదరలేదు. కోతులు మాత్రం ఎల్‌ఎన్‌బీ మోసే కాళ్లను ఉయ్యాలలా పట్టుకుని ఊగుతాయి. రెండుసార్లు ఎల్‌ఎన్‌బీ మూత పీకేశాయి. ఆ కాళ్లకు ఇంకో రెండు కమ్మీలు వెల్డింగ్ చేయించాక ఎల్‌ఎన్‌బీ కదలడం ఆగింది.

2023లో ఇంకో సమస్య వచ్చింది. 66 దగ్గర కొన్ని ఛానళ్లు ఉన్నట్టుండి ముక్కలవడం మొదలైంది. నట్లు, కేబుల్, కనెక్టర్లు అన్నీ చూశాను, ఏ లోపమూ లేదు. చివరికి తేలిందేమంటే, 5జీకి ఇచ్చిన తరంగాలు సీ బ్యాండ్‌కు పక్కనే, 3,300 నుంచి 3,670 మెగాహెర్ట్జ్ దాకా ఉంటాయి. మా పాత ఎల్‌ఎన్‌బీ 3,400 నుంచే వింటుంది. మా వీధిలో 5జీ మొదలయ్యాక ఆ జోరుకు దాని చెవులు మూసుకుపోయాయి. 5జీ ఫిల్టర్ ఉన్న ఎల్‌ఎన్‌బీ 900 పెట్టి మార్చాను, ఆ రోజే సర్దుకుంది. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు పాతరకం ఎల్‌ఎన్‌బీ జోలికే పోవద్దు.

దిశ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి నాకు మీటరు లేదు. ఏటా మార్చి నడిమిలో, సెప్టెంబరు చివర కొన్ని రోజులు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. ఆ కొద్ది నిమిషాలు బొమ్మ పోతుంది. అప్పుడు మిద్దె ఎక్కి చూస్తే ఎల్‌ఎన్‌బీ నీడ డిష్ నట్టనడిమి బోల్టు మీద పడాలి. పోయిన సెప్టెంబరులో ఆ నీడ మూడు వేళ్లు పడమటికి జరిగింది. యాక్చుయేటర్ కొసన ఉండే బాల్ జాయింట్ అరిగి ఆట వచ్చింది. కొత్తది తెప్పించాను, మార్చిలో నీడ పడే రోజు చూసుకుని బిగిస్తాను.