ఎక్సెల్‌లో వార్.ఎస్: శాంపిల్ లెక్కకి ఇదే వాడండి

బెంగళూరు మారతహళ్లిలో మా బావగారి కర్రీ పాయింట్ లెక్కలు నేనే చూస్తాను, అక్కడ ప్యాకెట్ల బరువు ఎంత అటూ ఇటూ అవుతోందో తెలియడానికి ఈ వార్.ఎస్ (VAR.S) ఫంక్షనే వాడతాను, ఇది శాంపిల్ వేరియన్స్, అంటే అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే లెక్క. పప్పు ప్యాకెట్లు ఐదు తూస్తే 252, 261, 247, 270, 255 గ్రాములు వచ్చాయనుకోండి, సగటు 257. వీటిని ఎ2 నుంచి ఎ6 దాకా వేసి, ఖాళీ గడిలో =VAR.S(A2:A6) కొడితే 78.5 వస్తుంది, అదే వార్.పి (VAR.P, శాంపిల్ కాకుండా మొత్తం అన్నింటినీ కొలిచినప్పుడు వాడేది) కొడితే 62.8. సగటు నుంచి తేడాల వర్గాల మొత్తం రెండింట్లోనూ అదే 314, కానీ మొదటిది 4తో భాగిస్తుంది, రెండోది 5తో. మనం తూచింది రోజంతా కట్టిన వాటిలో కొన్నే కాబట్టి, వాటి సగటు నుంచే తేడాలు కొలిస్తే అసలు చెదురు కాస్త తక్కువగా కనిపిస్తుంది, ఒకటి తగ్గించి భాగించేది దాన్ని సరిచేయడానికే.

వార్.ఎస్ ఎక్సెల్ 2010 నుంచి ఈ పేరుతో ఉంది, పాత వార్ (VAR) కూడా ఇంకా పనిచేస్తుంది. గూగుల్ షీట్స్‌లోనూ ఇదే పేరు, అందుకే ఫోన్‌లో కూడా చూసుకోవచ్చు.

ఒక్క విషయం మాత్రం జాగ్రత్త! టెక్స్ట్‌గా పడిన అంకెల్ని ఇది చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది, "252 గ్రా" అని టైప్ చేస్తే ఆ ప్యాకెట్ లెక్కలోకే రాదు. పక్కనే కౌంట్ (COUNT, అంకెలున్న గడులు ఎన్నో చెప్పేది) వేసి చూసుకోండి. జవాబు గ్రాముల వర్గంలో ఉంటుంది, గ్రాముల్లోనే కావాలంటే దాని వర్గమూలం ఇచ్చే ఎస్‌టీడీఈవీ.ఎస్ (STDEV.S) వాడండి, ఇక్కడ సుమారు 8.86 వస్తుంది.