క్యూబులు నిజంగా పగలగొట్టే ల్యాబ్ దొరికింది

ఇది మా జిల్లా కేంద్రంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ సివిల్ డిపార్ట్‌మెంట్ నడిపే మెటీరియల్ టెస్టింగ్ ల్యాబ్ గురించి. స్లాబ్‌కి పోసే కాంక్రీటుతోనే చిన్న దిమ్మలు (క్యూబులు) పోసి, బలం ఎంతో తెలియడానికి ఇలాంటి ల్యాబ్‌లో మిషన్ కింద పెట్టి పగలగొడతారు. నేను ప్రభుత్వ భవనాల పనులు చూసే ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్‌ని) కాబట్టి పేరు రాయడం లేదు, ఒకరికి ప్రచారం చేసినట్టు ఉండకూడదు. కానీ ల్యాబ్‌ని ఎలా ఎంచుకోవాలో తోటి ఏఈలకు, చిన్న కాంట్రాక్టర్లకు పనికొస్తుందని రాస్తున్నా.

ముందు పాత ల్యాబ్ సంగతి. అక్కడ రిపోర్టులు రెండు రోజుల్లో వచ్చేసేవి, ఎప్పుడూ పాసే, మూడు క్యూబులూ ఇంచుమించు ఒకే అంకె. 26.4, 26.5, 26.4 (బలం లెక్క, చదరపు మిల్లీమీటరుకు న్యూటన్లలో). కాంక్రీటు అంత సమానంగా ఎక్కడా రాదు, ఆ అనుమానం నాకు అప్పుడే రావాల్సింది. ఒకరోజు వేరే పని మీద అటు వెళ్తే గేటు పక్కన నా క్యూబులు కనిపించాయి, నేను పెయింటుతో రాసిన తేదీ అలాగే ఉంది, ఒక్క మూల కూడా చెదరలేదు. వాటి రిపోర్టు మాత్రం అప్పటికే నా బ్యాగులో ఉంది! పిల్లలు కూర్చునే గది స్లాబ్ అది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కొత్త ల్యాబ్‌కి అలా మారాను. ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం రెండో విడత పనులు చూస్తున్న రోజులవి, అందులో కాంట్రాక్టర్ ఉండేవాడు కాదు, తల్లిదండ్రుల కమిటీయే సిమెంటు, ఇసుక కొని పని చేయించుకునేది. కమిటీలో ఒకామె క్యూబులతో పాటు ఆటోలో వచ్చి, "ఈ దిమ్మ పగిలితే మా బడి బలం ఎట్లా తెలుస్తది సారూ?" అని అడిగింది. ల్యాబ్‌లో పనిచేసే అబ్బాయి విసుక్కోకుండా ఆమెను జాలీ వెనక నిలబెట్టి చూపించాడు. 150 మిల్లీమీటర్ల దిమ్మ, ఎం20 (అంటే బలం 20 రావాల్సిన) కాంక్రీటైతే 28 రోజులకు 450 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 46 టన్నుల బరువు ఓర్చుకోవాలి. అంకె మెల్లగా ఎక్కుతూ 500 దాటాక టప్పుమని పగిలింది, నాలుగు పక్కలూ రాలి మధ్యలో డమరుకంలా మిగిలింది. సరిగ్గా పగిలిన క్యూబు అలాగే ఉంటుందని చెప్పి, ఆ ముక్కను ఆమె చేతికిచ్చాడు. కమిటీ మీటింగులో అందరికీ చూపిస్తానని సంచిలో వేసుకుని వెళ్లింది.

అసలు విలువ మాత్రం మొన్న వర్షాకాలంలో తెలిసింది. టెండర్ పని, అదనపు తరగతి గదులు, మొదటి బ్లాక్ స్లాబ్‌కి 38 ఘనపు మీటర్ల కాంక్రీటు. కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఆ పరిమాణానికి నాలుగు శాంపిళ్లు, ఒక్కోదానికి మూడు చొప్పున 12 క్యూబులు. చివరి శాంపిల్ నుంచి ఏడు రోజులకని ఇంకో మూడు వేయించాను. ఏడో రోజు సాయంత్రం ఆ అబ్బాయే ఫోన్ చేశాడు: "సార్, రిపోర్టు రేపు ఇస్తాం గానీ, ముందే చెప్తున్నా. 213, 220, 205 కిలోన్యూటన్ల దగ్గర పగిలాయి. రేపు రెండో బ్లాక్ స్లాబ్ అన్నారు కదా." లెక్క వేస్తే బలం సగటున 9.5 కూడా లేదు, ఏడు రోజులకు 13 దాకా రావాలి. వెంటనే స్లాబ్ ఆపేయించాను. సెంట్రింగ్ అద్దె, కూలీలు, పై నుంచి ఫోన్లు, టెన్షన్ మామూలుగా లేదు. తీరా చూస్తే, ఇసుక వానకు తడిసి ఉన్నా మేస్త్రి మిల్లర్‌లో (కాంక్రీటు కలిపే మిషన్‌లో) ఎప్పటి లెక్కనే నీళ్లు పోయించాడు, సాయంత్రం జోరు వాన వచ్చాక పోసిన కాంక్రీటు మరీ పలచబడింది.

ఏ క్యూబు ఏ గదిదో క్యూబు మీదా, సైట్ రిజిస్టర్‌లోనూ రాసి పెట్టడం ఇక్కడే పనికొచ్చింది. 28 రోజులకు మూడు శాంపిళ్లు పాసయ్యాయి, నాలుగోది 16 దగ్గరే ఆగింది. అది చివరి గదిదని తెలుసు కాబట్టి అక్కడే మూడు కోర్లు (స్లాబ్‌లోంచి డ్రిల్లుతో తీసే గుండ్రటి ముక్కలు) తీయించాం. కోర్ల సగటు 20లో 85 శాతం, అంటే 17 రావాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. సగటు 17.4 వచ్చింది. ఖర్చు కాంట్రాక్టరే పెట్టుకున్నాడు, ఆ రిజల్ట్ వచ్చేదాకా పార్ట్ బిల్లుకి నేను ఎం-బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకంలో) ఆ భాగం ఎక్కించలేదు.

లోపాలూ ఉన్నాయి. ఫీజు పాత చోటికంటే ఎక్కువ. క్యూబులు మనమే మోసుకెళ్లాలి, వాళ్ల నీళ్ల తొట్టి చిన్నది కాబట్టి క్యూరింగ్ (క్యూబులు నీళ్లలో నానబెట్టడం) సైట్‌లోనే చేసుకోవాలి. సెమిస్టర్ పరీక్షలప్పుడు రెండు మూడు రోజులు మూసేస్తారు, ఆ తేదీలు ముందే అడిగి స్లాబ్ పెట్టుకోండి, లేకపోతే 28వ రోజు తప్పిపోతుంది.

కొత్త ల్యాబ్‌కి వెళ్లేవాళ్లు మొదటిసారి క్యూబులతో పాటు మీరూ వెళ్లండి, పగలగొట్టేటప్పుడు అక్కడే ఉంటామని చెప్పండి. అభ్యంతరం పెడితే క్యూబులు వెనక్కి తెచ్చేసుకోండి.