పేషెంట్ లిఫ్ట్ కుర్చీ: రెండో వర్షాకాలం దాటాక

పక్షవాతంతో ఎడమ కాలూ చెయ్యీ పడిపోయిన మా నాన్నగారిని మంచం మీద నుంచి కమోడ్ దగ్గరికి, మళ్లీ మంచం మీదికి చేర్చడానికి మేము కాలితో పెడల్ తొక్కితే పైకి లేచే హైడ్రాలిక్ లిఫ్ట్ కుర్చీ కొన్నాం. కాకినాడలోని మా ఇంట్లో అది రెండో వర్షాకాలాన్ని కూడా చూసింది. ఈ కుర్చీ బరువు మోసే బాధను నిజంగానే తప్పిస్తుంది; కానీ అది మీ ఇంట్లో పనికొస్తుందా లేదా అన్నది కుర్చీ నాణ్యత కన్నా మీ మంచం, మీ గడపలను బట్టే ఎక్కువగా ఉంటుంది.

దీని సీటు మధ్యకు చీలి, వెనుక వైపు రెండు తలుపుల్లా తెరుచుకుంటుంది. మనిషిని మంచం అంచున కూర్చోబెట్టి, తెరిచిన కుర్చీని ఎదుటి నుంచి ఆయన మీదికి నెట్టి, సీటు రెండు రేకులను తొడల కిందికి చెరొక వైపు నుంచీ జరిపి, వీపు వెనుక కొక్కెం పడేలా మూసి, బెల్టు బిగించాలి. ఆ తరువాత పెడల్ తొక్కితే మనిషి పరుపును వదిలి పైకి లేస్తాడు. మా నాన్నగారు 70 కిలోలకు పైనే ఉంటారు; సన్నగా ఉండే మా ఆయా ఒక్కతే ఆయనను లేపగలుగుతోంది. "తాతగారూ, ఆ చేతిని ఈ చేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకోండి" అని ఆమె ప్రతిసారీ గుర్తు చేస్తుంది, ఎందుకంటే స్పర్శ లేని చెయ్యి రేకుల మధ్య నలిగినా ఆయనకు తెలియదు.

ఇంతకు ముందు మేము చంకల కింద చేతులు వేసి లేపేవాళ్లం. పక్షవాతం వచ్చిన వైపు భుజం కండరాలు వదులుగా ఉంటాయి కాబట్టి అలా లాగితే కీలు జారే ప్రమాదం ఉందని ఫిజియోథెరపిస్టు గట్టిగా చెప్పారు. లేపేవారి నడుము సంగతి వేరే చెప్పాలి. అమెరికాలో వృత్తి భద్రతపై పరిశోధించే నైయాష్ సంస్థకు చెందిన థామస్ వాటర్స్, రోగిని చేతులతో లేపేటప్పుడు ఒకరి మీద పడదగిన బరువుకు 35 పౌండ్లను, అంటే సుమారు 16 కిలోలను హద్దుగా 2007లో సూచించారు. అదీ పరిస్థితులన్నీ అనుకూలంగా ఉన్నప్పటి మాట. ఆ లెక్కన ఇద్దరు కలిసి పట్టినా మా నాన్నగారి బరువు హద్దు దాటినట్టే.

కుర్చీ రాగానే మనిషిని కూర్చోబెట్టవద్దని నా సలహా. 25 కిలోల బియ్యం బస్తాలు మూడు సీటు మీద పేర్చి, పైదాకా లేపి, స్తంభం మీద సుద్దముక్కతో గీత గీసి గంటసేపు వదిలేయండి. సీటు గీత కన్నా కిందికి దిగిందంటే కుర్చీని లేపే జాకీలో నూనె కారకుండా ఆపే సీలు సరిగా లేదని అర్థం, ఆ కుర్చీని వెనక్కి పంపించాలి. దించే మీటను కొద్దికొద్దిగా వదిలి, బరువు నెమ్మదిగా దిగుతోందో ఒక్కసారిగా కూలబడుతోందో కూడా చూడాలి. మాది ఈ రెండింటిలోనూ నెగ్గింది.

ఇక మంచం. కుర్చీ అడుగున ఉన్న రెండు పొడవాటి కాళ్లు చక్రాలతో సహా మంచం కిందికి దూరితే తప్ప సీటు మనిషి దాకా రాదు. మా పాత మంచానికి అడుగున సామాను పెట్టె ఉండడం వల్ల దానిని వదిలేసి, కింద ఖాళీ ఉన్న నవారు మంచానికి చెక్క దిమ్మలు వేసి ఎత్తు పెంచాం. కొనేముందు టేపు పట్టి మంచం కింద జాగా కొలవండి, స్నానాల గది తలుపు వెడల్పు కూడా కొలవండి. ముందు చక్రాలు చిన్నవి కావడంతో గడప దగ్గర ఆగిపోతాయి. మేము వెల్డింగు షాపులో గళ్ల రేకుతో వాలు చేయించాం. ఏ గడప దాటాలన్నా సీటును పూర్తిగా దించి, కుర్చీని వెనక్కి తిప్పి లాగాలి. పైకి లేపి ఉంచి ముందుకు నెడితే తట్టుకుని బోర్లా పడుతుంది.

లోపాలు లేకపోలేదు. సీటు చీలిక దగ్గర తొడ చర్మం నొక్కుకుంటుంది కాబట్టి మెత్తని పాత పంచె మడిచి వేస్తాం. గట్టి ప్లాస్టిక్ మీద ఎక్కువసేపు కూర్చుంటే పుండ్లు పడతాయి. ఇది చేరవేయడానికే తప్ప టీవీ ముందు కూర్చోబెట్టడానికి కాదు. ఉప్పుగాలికి తాళం స్ప్రింగు తుప్పు పట్టింది, చక్రాలకు వెంట్రుకలు చుట్టుకుంటాయి, నెలకోసారి గ్రీజు పెట్టకపోతే ఇరవై వేలు దాటిన ఈ వస్తువు పాత తోపుడుబండి కన్నా ఎక్కువ చప్పుడు చేస్తుంది.

మంచం అంచున ఆసరా పట్టుకునైనా కూర్చోలేని రోగికి దీనిని నేను సిఫారసు చేయను. గుడ్డ ఊయలలో పడుకోబెట్టి ఎత్తే స్లింగ్ హాయిస్ట్ వారికి తగినది. పైగా ఈ కుర్చీ సీటు ఎంత దించినా నేల నుంచి 18 అంగుళాల ఎత్తులోనే ఆగిపోతుంది. నాన్నగారు ఒకసారి నేల మీదికి జారిపోయినప్పుడు ఇది పక్కనే ఉండి కూడా ఎందుకూ పనికిరాలేదు. ఇరుగుపొరుగు నలుగురు వచ్చి దుప్పటి నాలుగు మూలలా పట్టి లేపాల్సి వచ్చింది. అందుకే హాయిస్ట్ అద్దెకిచ్చే దుకాణం నంబరు, పొరుగువారి నంబర్లు రాసిన కాగితం మంచం పక్క గోడకు అంటించి ఉంచాం.