ఆరోగ్యవరం ఆసుపత్రి: తాత కాలం నుంచి మా అనుభవం

మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరం ఆసుపత్రికి మా ఇంటివాళ్లం తాత కాలం నుంచి పోతున్నాం. దగ్గు, ఆయాసం, ఎన్నాళ్లకూ వదలని జ్వరం అంటే ముందు అక్కడ చూపించుకోమని ఎవరికైనా చెబుతాను.

దక్షిణాది క్రైస్తవ మిషన్లు కొన్ని కలిసి క్షయ రోగుల కోసం పెట్టిన శానిటోరియం ఇది. 1912లో పని మొదలైంది, 1915లో ఇప్పుడున్న చోటికి వచ్చింది. డెన్మార్క్ డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ చాలా ఏళ్లు నడిపారు. అప్పటికి క్షయకు మందే లేదు. పొడి గాలి, విశ్రాంతి, మంచి తిండి, అంతే. కొందరికి పక్కటెముకల సందులో సూది గుచ్చి ఊపిరితిత్తి చుట్టూ గాలి ఎక్కించేవాళ్లు. ఊపిరితిత్తి ముడుచుకుని, దానికి విశ్రాంతి దొరికి, పుండు మానుతుందని. ఎక్కించిన గాలి కొన్నాళ్లకు తగ్గిపోతుంది, మళ్లీ ఎక్కించాలి. స్వాతంత్ర్యానికి ముందు మా తాతకు ఇదే వైద్యం జరిగింది. అవ్వ మదనపల్లె దగ్గరున్న సీటీఎం స్టేషన్లో రైలు దిగి పోయి చూసొచ్చేది. క్షయ అంటే సొంతవాళ్లే గడప తొక్కనివ్వని కాలం అది. తాత కోలుకుని వచ్చి మళ్లీ సేద్యం చేశాడు.

1948లో మన దేశంలో క్షయ రాకుండా వేసే బీసీజీ టీకాలు మొదలైనప్పుడు తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. ఇక్కడ పనిచేసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ తర్వాత కేంద్ర ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యారు. ఆ తర్వాత మంచి మందులొచ్చాయి. ఇంట్లో ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత బాగా నయమవుతుందని 1959లో మద్రాసు పరిశోధన తేల్చింది. ఇక నెలల తరబడి మంచాల మీద ఉండే రోగులు ఎందుకుంటారు? ఆరోగ్యవరం మాత్రం మూతపడలేదు. అన్ని జబ్బులూ చూసే ఆసుపత్రి అయింది, నర్సింగ్ కూడా నేర్పుతోంది. దీని చరిత్రలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే. ఒక్క జబ్బు కోసం కట్టిన చోటు, ఆ అవసరం తగ్గాక చుట్టుపక్కల ఊళ్లకు ఏం కావాలో చూసుకుని మారింది.

నాయనకు ఆయాసం మొదలైనప్పుడు వేరే ఊళ్లో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో వరసగా స్కానింగులు రాశారే గానీ జబ్బేమిటో చెప్పలేదు. ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఆరోగ్యవరంలో డాక్టర్ ఎక్స్‌రేను లైటు పెట్టెకు తగిలించి, నాయనను పక్కన నిలబెట్టుకుని, ఏ మచ్చ పాతదో ఏది కొత్తదో వేలితో చూపించారు. టమాటా తోటకు మందు కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుంటావా అని అడిగారు. అంతకుముందు ఎవరూ అడగని ప్రశ్న అది. నాయన కట్టుకునేవాడు కాదు.

గుండె ఆపరేషన్ లాంటివాటికి మేం తిరుపతికో వేలూరుకో పోతాం. ఊపిరితిత్తుల సంగతి అయితే మాకు ఇదే. మీరూ పోయేటట్టయితే పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు అన్నీ వెంట తీసుకుపోండి. పాతది పక్కన పెడితేనే కొత్త మచ్చ ఏదో తెలుస్తుంది.