ఆరేళ్లకి ఏది, తొమ్మిదేళ్లకి ఏది? పిల్లల బ్లాక్ కోడింగ్‌కి నాలుగు దారులు

మా ఇంట్లో ఇద్దరు పిల్లలు. చిన్నదానికి ఆరేళ్లు, ఒకటో తరగతి. పెద్దవాడికి తొమ్మిది, నాలుగో తరగతి. పోయిన వేసవి సెలవుల నుంచి ఆదివారం పొద్దున్నే ఈ ఇద్దరినీ, పై ఫ్లోర్ పిల్లలు ముగ్గురినీ కూర్చోబెట్టుకుని ఓ గంట బ్లాక్ కోడింగ్ నేర్పిస్తున్నాను. అప్పట్నుంచి లిఫ్ట్ దగ్గర కనపడ్డ ప్రతి తల్లీ అడిగేది ఒకటే: "ఏ యాప్ పెట్టమంటారు?" దానికి ఒక్క ముక్కలో జవాబు లేదు. పిల్లకి ఎన్నేళ్లు, ఆగకుండా చదవగలదా, ఇంట్లో ట్యాబ్ ఉందా ల్యాప్‌టాప్ ఉందా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

తెలియనివాళ్ల కోసం ముందుగా ఓ మాట. కంప్యూటర్‌కి ఇచ్చే ఆజ్ఞల్ని టైపు చేయకుండా, రంగురంగుల ముక్కల్ని వేలితోనో మౌస్‌తోనో లాగి ఒకదానికొకటి తగిలించడమే బ్లాక్ కోడింగ్. స్పెల్లింగ్ తప్పుల బాధ ఉండదు. అతకకూడని ముక్కలు అసలు అతకవు. ఇక్కడ నేను పోల్చేవి నాలుగు: తెర లేకుండా నేల మీద ఆడే ఆట, కోడ్ డాట్ ఆర్గ్ లాంటి వెబ్‌సైట్లలో ఉండే పజిళ్లు, చిన్నపిల్లలు సొంతంగా బొమ్మల కథలు చేసుకునే స్క్రాచ్ జూనియర్ యాప్, కాస్త పెద్దపిల్లలు ఆటలు చేసుకునే స్క్రాచ్. నాలుగూ ఉచితమే, కాబట్టి డబ్బు సంగతి పక్కన పెట్టేయొచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏడేళ్ల లోపు పిల్లలకి స్క్రాచ్ జూనియర్, అంతకుముందు రెండు మూడు వారాలు నేల మీద ఆట. ఎనిమిది దాటి, బ్లాకుల మీద మాటలు ఆగకుండా చదవగలిగితే స్క్రాచ్. పజిళ్లు మాత్రం పక్కన నంజుకునే పచ్చడి లాంటివి, వాటితో కడుపు నిండదు.

నేల మీద ఆట అంటే చాలామంది తేలిగ్గా తీసేస్తారు. మా హాల్లో పెద్ద టైల్స్ ఉన్నాయి. ఒక్కో టైల్ ఒక్కో అడుగు. నేను రోబోని, చెప్పింది చెప్పినట్టే చేస్తాను, సొంత బుర్ర వాడను. చిన్నది పలక మీద బాణాలు గీసి ఇవ్వాలి, నేను తలుపు దగ్గర నుంచి షూ స్టాండ్ ముందున్న టైల్ దాకా వెళ్లి ఆగాలి. మొదటిరోజు అది వేలు పెట్టి టైల్స్ లెక్కపెట్టింది. ఆరు. ఆరు బాణాలు గీసింది. ఆరో బాణానికి నా కాలు షూ స్టాండ్‌కి తగిలింది. "ఆరే కదమ్మా ఉన్నాయి!" అని ఏడుపు మొహం పెట్టింది. మళ్లీ లెక్కపెట్టమన్నాను. నాలుగోసారికి తట్టింది: నేను నిలబడ్డ టైల్‌ని కూడా లెక్కలో కలిపేసింది. ఉన్నవి ఆరు టైల్స్, వేయాల్సినవి ఐదు అడుగులు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లని అడగండి, ఒకటి ఎక్కువో ఒకటి తక్కువో అయ్యే ఈ తప్పు వాళ్లు నేటికీ చేస్తూనే ఉంటారు. ఆరేళ్ల పిల్లకి అది తెర మీద కాకుండా అమ్మ కాలికి తగిలి తెలిసింది కాబట్టి మర్చిపోలేదు.

ముగ్గులు కూడా ఇందుకే పనికొస్తాయి. "7 చుక్కలు, సందు చుక్క 4 వరకు" అని ముగ్గుల పుస్తకంలో ఉంటుంది చూడండి, అది అచ్చంగా ప్రోగ్రామే. మధ్య వరసలో ఏడు, దానికి రెండు పక్కలా సందుల్లో ఆరు, తర్వాత ఐదు, తర్వాత నాలుగు వచ్చాక ఆగు. ఎక్కడ మొదలవ్వాలి, ప్రతిసారీ ఏం మారాలి, ఎప్పుడు ఆగాలి, మూడూ ఆ చిన్న వాక్యంలో ఉన్నాయి. మా అత్తగారు ఇది చెబుతూ చుక్కలు పెట్టిస్తుంటే, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే 'రిపీట్' బ్లాక్ గురించి నేను విడిగా చెప్పాల్సిన పనే పడలేదు.

కాకపోతే దీనికి పెద్దవాళ్లు కూర్చోవాలి. "నువ్వాడుకోమ్మా" అని వదిలేస్తే ఐదు నిమిషాల్లో ఆట ఆగిపోతుంది. నెల దాటితే పిల్లలకీ విసుగొస్తుంది. బీ-బాట్ అనే తేనెటీగ బొమ్మ రోబో కూడా ఇదే ఆటకి పనికొస్తుంది. వీపు మీద బాణాలు నొక్కితే అడుగుకి 15 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. స్కూలు కొంటే మంచిదే. ఇంటికి మాత్రం అవసరం లేదు, అమ్మానాన్నలే నడవొచ్చు.

ఇక పజిళ్లు. కోడ్ డాట్ ఆర్గ్ 2013లో మొదలైంది, ఆ డిసెంబరులోనే ఓ గంటలో కోడింగ్ రుచి చూపించే 'అవర్ ఆఫ్ కోడ్' పెట్టారు. యాంగ్రీ బర్డ్స్ పక్షిని చిక్కుదారిలో నడిపించి పంది దగ్గరికి చేర్చే పజిల్ అందులోదే. వీటిలో మంచి ఏంటంటే, ఒక్కో మెట్టులో ఒక్క కొత్త విషయమే ఉంటుంది. దారి తప్పితే వెంటనే తెలుస్తుంది. నేర్పే పెద్దవాళ్లకి కోడింగ్ రాకపోయినా బండి నడుస్తుంది.

చిన్నపిల్లలకి ఇబ్బంది 'కుడికి తిరుగు, ఎడమకి తిరుగు' దగ్గర వస్తుంది. పక్షి కిందకి చూస్తున్నప్పుడు దాని కుడి మన ఎడమ వైపు ఉంటుంది. పై ఫ్లోర్ బాబుకి ఏడేళ్లు. ఈ మెట్టు దగ్గర వాడు లేచి, ట్యాబ్‌కి వీపు పెట్టి నిలబడి, చేయి చాపి చూసుకుని మరీ బ్లాక్ పెట్టాడు. నిజానికి అది చాలా మంచి పద్ధతి. 1967లో పిల్లల కోసం పుట్టిన లోగో అనే కంప్యూటర్ భాషలో తాబేలు బొమ్మని నడిపించేటప్పుడు, దాన్ని తయారుచేసినవాళ్లలో ఒకరైన సీమోర్ పాపర్ట్ పిల్లలు చేయాలని కోరుకున్నదీ అదే: నువ్వే తాబేలువి అనుకో, నడిచి చూడు అని. అయితే అలా లేచి నిలబడమని పక్కన చెప్పేవాళ్లు లేకపోతే పిల్లలు చేసేది వేరు. కుడి పెడతారు, తప్పైతే ఎడమ పెడతారు. పజిల్ దాటిపోతుంది, బుర్రకి ఎక్కేది ఏమీ ఉండదు.

నాకు ఇంకో కొరత కూడా కనిపిస్తుంది. పజిల్‌కి జవాబు ముందే ఉంది, ఎవరో పెట్టిన జవాబుని పిల్ల కనుక్కోవాలి. ఇరవై మెట్లు ఎక్కినా "ఇది నేను చేశాను నానమ్మా, చూడు" అని చూపించడానికి ఏమీ మిగలదు.

స్క్రాచ్ జూనియర్ దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మన దగ్గర దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయపు మీడియా ల్యాబ్, టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో మరీనా బెర్స్ బృందం, ప్లేఫుల్ ఇన్వెన్షన్ కంపెనీ కలిసి చేశాయి. 2014లో ముందు ఐప్యాడ్‌కి వచ్చింది, తర్వాత ఆండ్రాయిడ్ ట్యాబ్‌లకి. ఐదు నుంచి ఏడేళ్ల పిల్లల కోసమే చేసింది. బ్లాకుల మీద మాటలుండవు, బొమ్మలే. కదిలించేవి నీలం, మొదలుపెట్టేవి పసుపు, శబ్దానివి ఆకుపచ్చ. చదవడం రాని పిల్ల కూడా ఎవర్నీ అడగకుండా పని చేసుకుపోవచ్చు. బ్లాకులు ఎడమ నుంచి కుడికి, మనం చదివే వరసలోనే అతుకుతాయి. ఒక్కసారి దింపుకున్నాక నెట్ కూడా అక్కర్లేదు.

అంకెల దగ్గర ఎంత శ్రద్ధగా ఆలోచించారో చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఇందులో బొమ్మని తిప్పాలంటే డిగ్రీలు లేవు. పన్నెండు తిప్పితే ఒక పూర్తి చుట్టు. అంటే గోడ గడియారమే! మూడు తిప్పితే పావు చుట్టు, ఆరు తిప్పితే తలకిందులు. స్క్రాచ్‌లో ఇదే పనికి 90, 180 అనాలి. ఒకటో తరగతి పిల్లకి 90 ఎందుకో చెప్పడం నా వల్ల కాదు, గడియారం మాత్రం చెప్పగలను. కదలికలూ అంతే. కుడి బాణం అంటే ఎప్పుడూ తెరకి కుడివైపే, బొమ్మ ఎటు తిరిగి ఉన్నా సరే. పక్షి పజిల్‌లో వచ్చిన చిక్కు ఇక్కడ రాదు.

మా చిన్నది చేసిన బస్సు కథ చెప్పాలి. అందులోనే బొమ్మలు గీసుకునే పేజీ ఉంటుంది. ఎర్ర బస్సు గీసింది, ఎర్రచీర నానమ్మని గీసింది. పచ్చజెండా నొక్కితే బస్సు ఎనిమిది గళ్లు కుడికి వెళ్లి నానమ్మకి తగలాలి, తగలగానే నానమ్మ మాయమవ్వాలి, అంటే బస్సెక్కినట్టు. తర్వాత మైకు బ్లాకులో తన గొంతుతోనే "రైట్ రైట్!" అని రికార్డు చేసింది. బస్సు కదిలిపోవాలి. ఆగడానికి గడియారం బొమ్మ బ్లాకులో 5 పెట్టింది, ఐదు సెకన్లు ఆగుతుందని. బస్సు ఆగీ ఆగనట్టు ఆగి వెళ్లిపోయింది. "నానమ్మకి మోకాళ్ల నొప్పులు, ఇంత తొందరగా ఎలా ఎక్కుతుంది?" అని దాని బాధ. 10 పెట్టింది, 20 పెట్టింది, 50 పెట్టాక సరిపోయిందంది. ఆ బ్లాకులో లెక్క సెకన్లలో కాదు, సెకనులో పదో వంతుల్లో. ఆ మాట నేను చెప్పలేదు. "యాభై పెడితే ఐదు అంకెలు లెక్కపెట్టేంత సేపు ఆగుతోందమ్మా" అని అదే వచ్చి చెప్పింది.

దీనికి హద్దులు లేకపోలేదు. స్కోరు పెట్టలేం. 'ఇలా జరిగితే అలా చెయ్యి' అనే బ్లాక్ లేదు. ఒక ప్రాజెక్టులో నాలుగు పేజీలే. ఫోన్ తెర మీద చిన్న వేళ్లకి కూడా కష్టం, ట్యాబ్ ఉండాలి. మా పెద్దవాడికి రెండు వారాల్లోనే విసుగొచ్చింది, అందులో వాడి తప్పేం లేదు.

వాడికి స్క్రాచ్ ఇచ్చాం. 2007లో ఎంఐటీలో మిచెల్ రెస్నిక్ బృందం విడుదల చేసింది. ఇప్పుడు వాడుతున్న 3.0 రూపం 2019 జనవరిలో వచ్చింది. ఎనిమిది నుంచి పదహారేళ్ల వాళ్ల కోసం అని వాళ్లే చెబుతారు, ఆ మాట నిజమే. బ్రౌజర్లో ఖాతా లేకుండానే నడుస్తుంది. ఆఫ్‌లైన్ యాప్ కూడా ఉంది, చిన్నపిల్లలకి నేను అదే పెడతాను. వెబ్‌సైటులో ప్రపంచం నలుమూలల పిల్లల ప్రాజెక్టులూ కామెంట్లూ ఉంటాయి కాబట్టి, అవి చూసేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉంటే మంచిది.

మావాడు మామిడికాయల ఆట చేశాడు. పైనుంచి కాయలు పడుతుంటే కింద బుట్ట పట్టుకోవాలి. మొదటి అడ్డంకి మైనస్ అంకెలు. స్క్రాచ్‌లో బొమ్మలు కదిలే వేదిక వెడల్పు 480, సున్నా నడిమధ్యలో ఉంటుంది, ఎడమ అంచు మైనస్ 240. రుణ సంఖ్యలు స్కూల్లో ఆరో తరగతికి గానీ రావు. మా లిఫ్టులో పార్కింగ్ బటన్ మీద -1 అని ఉంటుంది. నేల సున్నా, కిందకి దిగితే మైనస్ అన్నాను, అంతే, పట్టేశాడు. రెండో అడ్డంకి ఒక్క కాయ పట్టుకుంటే స్కోరు ఎనిమిది పెరగడం. నేను బంతిని చేత్తో పట్టుకుని నెమ్మదిగా బుట్టలోంచి కిందకి దించుతూ "ఇప్పుడు తగులుతోందా? ఇప్పుడు? ఇప్పుడు?" అని అడిగాను. "ఓహో, బుట్టలో ఉన్నంతసేపూ లెక్కపెట్టేస్తోంది" అన్నాడు. తగలగానే కాయని మళ్లీ పైకి పంపే బ్లాక్ తనే పెట్టాడు.

ఇక్కడ మన తెలుగు బాగా కలిసొచ్చింది. ఇంగ్లిష్ బ్లాక్ 'ఇఫ్... దెన్' అని రెండు మాటల మధ్య నోరు తెరుచుకుని ఉంటుంది. ఆ నోట్లో ఏం పెట్టాలో పిల్లలకి తోచదు. తెలుగులో అడగండి: కాయ బుట్టకి తగిలితే ఏమవ్వాలి? ఆ "తగిలితే"లో చివరి "తే" ఉంది చూశారా, అదే ఆ బ్లాక్. మా పిల్లలు ఆట గురించి ముందు తెలుగులో చెబుతారు, "తే" వినపడ్డ చోటల్లా ఇఫ్ బ్లాక్ పెడతారు. ఇంగ్లిష్ మీడియం పిల్లలతో కూడా ఇలాగే చేయిస్తున్నాను, చక్కగా పనిచేస్తోంది.

ఆరేళ్ల పిల్లకి నేరుగా స్క్రాచ్ పెడితే? పెట్టి చూశాను. ప్రతి బ్లాకుకీ "ఇదేంటమ్మా" అని అడగాల్సి వచ్చింది. పావుగంటలో మౌస్ నా చేతిలోకి వచ్చేసింది, కోడింగ్ నేను చేస్తున్నాను, అది చూస్తోంది. ఆ రోజే మూసేశాను.

డబ్బు కట్టే ఆన్‌లైన్ క్లాసుల గురించీ అడుగుతుంటారు. మావాణ్ణి ఒకదాంట్లో చేర్పించాం, పేరు అనవసరం. నాలుగు క్లాసుల్లో నాలుగు గేములు చేశాడని సంబరపడ్డాం. తర్వాత ఖాళీ ప్రాజెక్టు తెరిచిస్తే మొదటి బ్లాక్ ఏది పెట్టాలో వాడికి తోచలేదు. చెప్పిన బ్లాకుని చెప్పినచోట పెట్టి వచ్చాడంతే. మంచి టీచర్లు ఉండొచ్చు. డెమో క్లాసులో చూసుకోవాల్సింది ఒక్కటే, పిల్ల సొంత ఆలోచనకి చోటు ఇస్తున్నారా అని. ఒకటో తరగతిలో మొదలుపెట్టకపోతే వెనకబడిపోతారేమో అన్న టెన్షన్ కూడా వద్దు. 2020 జాతీయ విద్యావిధానం సైతం కోడింగ్ మాట ఎత్తింది మిడిల్ స్టేజ్‌లో, అంటే ఆరో తరగతి నుంచి.

జూనియర్ నుంచి స్క్రాచ్‌కి ఎప్పుడు మార్చాలి అన్నదానికి ఏడేళ్లు, ఎనిమిదేళ్లు అని నేనూ వయసు చెబుతూ వచ్చాను. పోయిన ఆదివారం మా చిన్నది తన బస్సు కథ తెరిచి, ఒక్క నానమ్మ ఉన్నచోట ఐదుగురు నానమ్మల్ని నిలబెట్టింది. కాసేపు చూసి నా దగ్గరికొచ్చింది. "అమ్మా, సీట్లు నిండిపోతే తర్వాతి నానమ్మ ఎక్కకూడదు. దానికి ఏ బ్లాక్?"

స్క్రాచ్ జూనియర్‌లో దానికి బ్లాక్ లేదు. అన్నని కాస్త జరగమని, ల్యాప్‌టాప్ ముందు దానికీ ఒక కుర్చీ వేశాను.